కాటి లెక్కా, చాకలి లెక్కా

మీలో ఎవరైనా కొత్తగా కచేరీ ఉద్యోగంలో చేరి, సాటివాడి పనితనం చూసి లోలోపల మండిపోతూ ఉంటే సిగ్గుపడకండి. నేను ఉద్యోగం పొడుగునా అలా మండుతూనే పనిచేశాను, ఆఖరికి పింఛను కూడా పుచ్చుకున్నాను. అసూయపరుడు ఒక మంచి పని చెయ్యలేడని ఎవరైనా అంటే నమ్మకండి. నా సర్వీసు మొత్తంమీద పదిమందికి చెప్పుకోదగిన పని ఒక్కటే చేశాను. అదీ అసూయతోనే చేశాను. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. కొందరి పిల్లలు ఇంకా ఆ కచేరీల్లోనే ఉన్నారు.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేని రోజులు. నది ఒడ్డునే ఉన్న ఒక పట్నంలో నేను చావు లెక్కల గుమాస్తాని. మా ఇంట్లో అందరూ కొట్లమీద బతికినవాళ్ళు. తాత బెల్లం, నాన్న చింతపండు, మేనమామ కట్టెలు. నేనొక్కణ్ణే నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని కలం పట్టాను. "మీ మనవడు ఏం అమ్ముతాడే?" అని ఎవరో అడిగితే మా నాయనమ్మ, "పోయినవాళ్ళ పేర్లు పైకి పంపుతాడు, కొనేవాళ్ళెవరో నాకు తెలీదు" అందిట.

పని చెప్పుకోడానికి సులువే. ఊళ్ళో ఎవరు పోయారో రిజిస్టరులో ఎక్కించడం, నెలకోసారి జిల్లా కచేరీకి పంపడం. కాని పెద్ద ఊళ్ళో ఎక్కువమంది పోతారు, చిన్న ఊళ్ళో తక్కువమంది పోతారు. అందుకని ఒక చోటును ఇంకో చోటుతో పోల్చాలంటే జనాభా లెక్క ముందు పెట్టుకుని, వెయ్యిమందికి ఎంతమంది అని తేల్చాలి. బస్తా ఎంత అని అడిగేవాడికి ఏం తెలుస్తుంది? వీశె ఎంత అని అడగాలి. ఈ సంగతి మాత్రం నాకు కచేరీలో ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఏడాదికోసారి జిల్లా కచేరీ నుంచి ఒక పట్టిక వచ్చేది. తక్కువమంది పోయిన చోటు పైన, ఎక్కువమంది పోయిన చోటు అడుగున. అడుగున ఎప్పుడూ మా పట్నమే. పైన ఎప్పుడూ కాలువ దిగువన ఉన్న ఒక తాలూకా. రామచంద్రపురం మీదుగా పడవలో పోతే ఒక పగలు ప్రయాణం. ఆ తాలూకా లెక్కలు చూసే గుమాస్తా నా ఈడువాడే. కరణాల ఇంట పుట్టినవాడు. మేమిద్దరం ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం.

అతన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పగలంతా పడవలో కూర్చుని వచ్చినా పంచె నలగదు. రాస్తే అక్షరాలు అచ్చు వేసినట్టుంటాయి. గట్టిగా మాట్లాడడు, కాని అతను మాట్లాడితే గదిలో మిగతావాళ్ళు ఊరుకుంటారు. దగ్గినా మర్యాదగా దగ్గుతాడు. పైగా నన్ను ఎప్పుడు చూసినా "బాగున్నారా అండీ" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగేవాడు. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ మంట.

ఇంతలో జిల్లా కచేరీలో చావు లెక్కల విభాగం హెడ్డు గుమాస్తా ఏడాదిలో దిగిపోతాడని తెలిసింది. ఆ స్థానం మా ఇద్దరిలో ఒకరికి ఇస్తానని ఆరోగ్యం చూసే దొరగారు అన్నారట. ఈ మాట నా చెవిన పడిన పూటే మా ఆవిడ చెవినా పడింది. మర్నాటికల్లా మా వీధంతటికీ నేను హెడ్డు గుమాస్తాని అయిపోయాను. ఇక రాకపోతే ఊళ్ళో తలెత్తుకోలేను. పట్టికలో అడుగున ఉన్నవాడికి అది ఎలా వస్తుంది?

ఆ దిగులుతో ఒక పొద్దున మా మేనమామ కట్టెల కొట్టుకి వెళ్ళి కూర్చున్నాను. రేవు పక్కనే కొట్టు. పాడెకి వెదుళ్ళు, కాటికి కట్టెలు, కొత్త కుండ, అన్నీ అక్కడే దొరుకుతాయి.

"ఏంటల్లుడూ, మొహం అలా వేలాడేశావు?"

"మన ఊళ్ళో జనం ఎక్కువ పోతున్నారట మావయ్యా. జిల్లాలో మనకంటే ఎక్కువ ఎవరూ పోవడం లేదు."

"పోతేనే కదరా మా కొట్టు నడిచేది. మీ అత్త మెడలో ఆ గొలుసు ఎక్కడిదనుకున్నావు?"

"నవ్వకు. ఇక్కడ నా హెడ్డు గుమాస్తా పని పోతోంది."

మావయ్య నవ్వడం ఆపాడు. "మనవాళ్ళు ఎంతమంది పోతార్రా పిచ్చోడా! నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది పైఊళ్ళ వాళ్ళే."

"నీకెలా తెలుసు?"

"బేరం ఆడరు."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "మన ఊరివాడనుకో, తండ్రి ఇంట్లో పాడెమీద ఉన్నా సరే, 'మొన్న మా పెదనాన్నప్పుడు ఇంతకంటే తక్కువకిచ్చావుగా' అంటాడు. నేను కాదంటాను. వాడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. అప్పుడు తెగుతుంది. పైఊరివాడికి ఇక్కడి ధర తెలీదు, అడగడానికి మొహమాటం. కళ్ళొత్తుకుని, చెప్పింది చేతిలో పెట్టి మోపు ఎత్తించుకుపోతాడు. వాళ్ళని చూస్తే నాకే జాలేస్తుంది."

"జాలేసి తగ్గిస్తావా?"

"అంత జాలి కాదులే."

నేను ఉన్నపళాన లేచి నిలబడ్డాను. డెల్టాలో అడుగడుగునా నీళ్ళే. అయినా నది పాయలుగా చీలకముందు, నిండుగా ఉన్నచోట ప్రాణం విడవాలని పెద్దవాళ్ళకు కోరిక. దిగువ ఊళ్ళనుంచి మంచం పడవలో పెట్టుకుని మా రేవుకి వచ్చి, సత్రంలో దిగి, రోజులు లెక్కపెట్టుకునేవారు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. వాళ్ళంతా నా రిజిస్టరులో చేరుతున్నారని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. ఎందుకంటే మా రిజిస్టరు కాటి దగ్గర నిండేది. సాయంత్రం కాటికాపరి వచ్చి ఆ రోజు ఎవరెవరిని దహనం చేశారో చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. కాలింది ఇక్కడ కనక ఊరు ఇదే అని రాసేవాణ్ణి.

అంటే దిగువ తాలూకా చావులు నేను మోస్తున్నాను. అతను నలగని పంచెతో పట్టిక పైన కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఏడాదిపాటు రోజూ పొద్దున్నే మావయ్య కొట్టు అరుగుమీద కాపు కాశాను. బేరమాడకుండా కట్టెలు తీసుకున్న ప్రతివాణ్ణీ "ఏ ఊరండీ? ఎవరండీ పోయింది?" అని అడిగి రాసుకునేవాణ్ణి. తోటి గుమాస్తాలు కోరుకొండ తిరునాళ్ళకి వెళ్తూ రమ్మని పిలిచినా కదల్లేదు. ఎక్కువమంది ఆ తాలూకావాళ్ళే. నా సంతోషం చెప్పలేను. రేవులోకి మంచం ఉన్న పడవ వస్తే ఎదురు పరిగెత్తేవాణ్ణి. దిగువ తాలూకా అంటే ప్రాణం లేచొచ్చేది. ఒకసారి అక్కడినుంచి వచ్చిన ఒక ముసలావిడ సత్రంలో మూడు వారాలు ఉండి, రేవు గాలికి తేరుకుని, గంజి తాగి, చారు అడిగి, వచ్చిన పడవలోనే కొడుకుతో తిరిగి వెళ్ళిపోయింది. నేను నిజంగా నొచ్చుకున్నాను. ఇప్పుడు ఆవిడ వయసు నాకు వచ్చింది కనక అది రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

ఏడాది తిరిగింది. దొరగారు మా ఊళ్ళో మకాం చేసి మా ఇద్దరినీ రిజిస్టర్లతో రమ్మన్నారు. నేను జాబితాను మూడుసార్లు శుభ్రంగా తిరగరాసి పట్టుకెళ్ళాను. దొరగారు తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు. పురాణంలో రాజుగారిలా మాట్లాడేవారు.

నేను సంగతి విన్నవించాను. ఈ పేర్లన్నీ వారి తాలూకావి, మా పట్నానివి కావు, వీటిని వారి లెక్కలోకి పంపించండి, అప్పుడు ఎవరి ఊరు ఎలా ఉందో తెలుస్తుంది అన్నాను. దొరగారు జాబితా చూసి, అతనివైపు తిరిగి, "నీవేమందువు?" అన్నారు.

అతను జాబితా అందుకుని మెల్లగా చదివాడు. మొహం మారుతుందని చూస్తున్నాను. మారలేదు. తన రిజిస్టరు విప్పి, నా జాబితాలో మొదటి పేరుమీద వేలు పెట్టి, పేజీలు తిప్పాడు.

"వీరున్నారండి."

రెండో పేరు. "వీరూ ఉన్నారండి."

ఇంకో పేరు. "ఈమెగారూ ఉన్నారు."

ఆ పొద్దంతా అదే. నా జాబితాలో ఉన్నవాళ్ళంతా అతని పుస్తకంలో ముందే ఉన్నారు. వాళ్ళని కలుపుకునే అతని తాలూకా పట్టికలో పైన ఉంది.

"మా రేవులో పోయినవాళ్ళు మీ పుస్తకంలోకి ఎలా వచ్చారండీ?" అన్నాను.

"మేం కాటి దగ్గర అడగమండి. చాకలిని అడుగుతాం," అన్నాడు. "మనిషి ఎక్కడ పోయినా మైల ఇంటికే కదండీ. ఆ ఇంటి మైలబట్టలు ఊరి చాకలి దగ్గరికే వస్తాయి. ప్రతి ఊళ్ళోనూ వారానికోసారి కరణం చాకలిని పిలిచి, ఏ ఇంటినుంచి మైలబట్టలు వచ్చాయో అడిగి రాస్తాడు. అంతేనండి. నా గొప్పేం లేదు, మా చాకలి చెప్పిన ఉపాయమే."

అంతేనండి! నేను ఏడాదిపాటు అరుగుమీద ఎండకి ఎండాను. మా ఊళ్ళో చాకళ్ళు లేరా? మా ఇంటికే వారానికి రెండుసార్లు వచ్చేవాడు.

కాని బేరగాణ్ణి కదా, పడిపోతూ కూడా ఒక కొమ్మ పట్టుకున్నాను. "అయితే దొరగారూ, ఒక మనిషి రెండు పుస్తకాల్లో రెండుసార్లు పోవడమేంటండీ? వారి దగ్గర ఉన్నప్పుడు మా దగ్గర కొట్టెయ్యాలి." దొరగారు ఆలోచించి "న్యాయమే" అన్నారు. కొట్టేశారు. మా అంకె జారింది, బాగా జారింది. పట్టికలో అడుగునుంచి నడిమికి వచ్చాం. ఒక్క ఏడాదిలో అంత ఎక్కినవాణ్ణి కనక హెడ్డు గుమాస్తాగిరీ నాకే రావచ్చు. దొరగారి మొహంలో ఆ మెప్పు కనిపించింది కూడా.

అక్కడ మూట కట్టుకుని వచ్చెయ్యాలి. బేరం కుదిరాక కొట్టులో నిలబడకూడదని మా నాన్న నాకు మాటలు రాకముందే నేర్పాడు. కాని అసూయ నిలబెట్టింది. అతనివైపు తిరిగి, దొరగారికి వినపడేలా, "ఇంకా మా లెక్కలో ఏదైనా లోటు ఉంటే చెప్పండి, మొహమాటపడకండి" అన్నాను.

అతను మొహమాటపడ్డాడు. నేలకేసి చూశాడు. "ఒక్క సందేహమండి. మీరు కాటి దగ్గరే రాసుకుంటారు కదా. పసిపిల్లల్ని దహనం చెయ్యరు, పూడుస్తారు. మరి వాళ్ళు మీ పుస్తకంలోకి ఎలా వస్తారండీ?"

వాళ్ళు నా పుస్తకంలోకి రావడం లేదు. ఎప్పుడూ రాలేదు. నేను చేరింది మొదలు మా పట్నంలో ఏడాది నిండని బిడ్డ ఒక్కటీ పోలేదు, నా రిజిస్టరు ప్రకారం.

"ఒక మాసములోగా గృహగృహము విచారించి ఆ లెక్క తెమ్ము," అన్నారు దొరగారు. "అటుపిమ్మట నిర్ణయింతును."

మర్నాడు బయలుదేరాను. మిగతా వీధులు అయ్యాయి. చివరికి రేవుకి దిగువన ఉన్న బెస్తవీధి. దిగువ చివర మొదటి గుడిసె ముందు ఒకావిడ చేపల గంప దించుకుంటోంది.

"అమ్మా, ఈ ఏడాది మీ ఇంట్లో పిల్లలెవరైనా పోయారా?"

"ఎందుకు బాబూ, దానికీ పన్నేత్తారా?"

"పన్ను కాదమ్మా. రాసుకుంటాం."

"రాత్తే తిరిగొత్తారా?"

"రారు. కాని ఎంతమంది పోయారో తెలియాలి కదా. ఇన్నాళ్ళూ మీరెవరూ చెప్పలేదేంటి?"

"ఎవురడిగారు బాబూ?" అంది. కోపంగా కాదు, మామూలుగానే. "మీరు కాటికాడ కూకుంటారు. మా పసోళ్ళని మేం కాటికి తీసుకెళ్ళం. అదిగో, ఆ ఇసకలో పెడతాం. వరదొత్తే ఆ గురుతూ ఉండదు." చేతికున్న పొలుసు కొంగుకి తుడుచుకుని వేళ్ళు చూపించింది. రెండు. తరవాత ఆలోచించి మూడో వేలు కూడా ఎత్తింది. "ఈడికి వారం కూడా నిండలేదు. ఈణ్ణి రాత్తారా?"

"రాస్తాను."

ఆవిడే నాతో ఇంటింటికీ వచ్చింది. కొందరు చెప్పి ఏడ్చారు. కొందరు నన్ను తిట్టారు. ఒక ముసలాయన "ఇన్నాళ్ళకి ఒచ్చారా, రండి" అని నులకమంచం వేశాడు. ఆ నెలలో నా అసూయ కరిగిపోయిందని రాయాలని ఉంది. కాని అబద్ధం. ఒక్కొక్క గుడిసె దాటుతుంటే హెడ్డు గుమాస్తా కుర్చీ ఒక్కొక్క అడుగు వెనక్కి జరుగుతున్నట్టే ఉండేది.

లెక్క కట్టాను. మా అంకె అంతకుముందు ఎన్నడూ లేనంత ఎత్తుకి వెళ్ళింది. తగ్గించుకోబోయి పెంచుకున్నాను. మూడు రోజులు కాగితాలు పైకి పంపకుండా నా దగ్గరే పెట్టుకున్నాను. సగం పేర్లు తీసేస్తే? గుర్తు కూడా మిగలని పిల్లలు, ఎవరు చూడొచ్చారు? దొరగారు కనిపెట్టలేరు. కాని అతను కనిపెడతాడు. ఒకసారి చదివి, ఏమీ అనకుండా, నేలకేసి చూస్తాడు. ఆ చూపు తలుచుకునేసరికి నాకు కడుపులో మంట లేచింది. ఒక్క పేరూ తీసెయ్యకుండా పంపించాను. నా నిజాయితీ అంతవరకే.

హెడ్డు గుమాస్తాగిరీ అతనికి వెళ్ళింది. మా ఆవిడ కంచం నా ముందుకి తోసి అంది. "ఊరంతా తిరిగి, పోయినవాళ్ళని వెతికి వెతికి తెచ్చుకుని మరీ ఓడిపోయారు. మీ వంశంలో ఇలాంటి బేరం ఎవరైనా చేశారా?"

ఎవరూ చెయ్యలేదు. అందుకే ఆ కాగితాలు పారెయ్యలేకపోయాను. పని లేనప్పుడు తీసి చూసేవాణ్ణి. అలా చూస్తుండగా ఒక సంగతి కనిపించింది. బెస్తవీధికి రెండు చివరలు. ఎగువ చివరవాళ్ళు సత్రం బావి నీళ్ళు తాగుతారు. దిగువ చివరవాళ్ళకి అది దూరం, నదిలోనే ముంచుకుంటారు. ఊరి మురుగుకాలువ సరిగ్గా అక్కడే నదిలో కలుస్తుంది. తాలూకాలని పోల్చినట్టే ఆ రెండు చివరలకీ విడివిడిగా వెయ్యికి లెక్క కట్టాను. దిగువ చివర అంకె చూస్తే, మా పట్నం అన్నేళ్ళూ అడుగున ఎందుకుండాలో అర్థమైంది. ఏడాదంతా నేను పైఊళ్ళవాళ్ళకోసం రేవులో కాపు కాశాను. ఊరివాళ్ళు నా వీపు వెనకే పోతున్నారు.

బావి కోసం మునిసిపల్ మెంబర్ల చుట్టూ తిరిగాను. ఒకాయన దగ్గరికి వెళ్ళి, ఇంకో ఆయన పేరు చెప్పి, "వారు సరే అన్నారండి, మీదే ఆలస్యం" అన్నాను. రెండో ఆయన దగ్గరికి వెళ్ళి మొదటాయన పేరు చెప్పాను. ఇద్దరికీ పడదు కనక ఇద్దరూ ముందు నేనంటే నేనన్నారు. అసూయ ఎక్కడ ఎలా మండుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఎండాకాలం దాటకముందే బెస్తవీధి దిగువ చివర బావి పడింది.

మరుసటి ఏడు ఆ వీధి పసిపిల్లల లెక్క పంపాను. చాలా తగ్గింది. ఈసారైనా ఒక మెచ్చుకోలు మాట వస్తుందని చూశాను. జిల్లా కచేరీ నుంచి కాగితం వచ్చింది. అచ్చు వేసినట్టున్న అవే అక్షరాలు. "బెస్తవీధి అంకె నమ్మదగినట్టు తోచదు. ఇల్లిల్లూ మరల విచారించి పంపవలెను."

నా ఒళ్ళు ఎలా మండిందో మీకు చెప్పక్కర్లేదు. పోయారంటే నమ్మాడు, బతికారంటే నమ్మడు! అన్నం కూడా తినకుండా బెస్తవీధికి నడిచాను. ఆనాటి చేపల గంప ఆవిడ బావి దగ్గర బిందె కడుగుతోంది.

"మళ్ళీ ఏంటి బాబూ?"

"పిల్లలు ఇదివరకటిలా పోలేదని రాశానమ్మా. పైవాళ్ళు నమ్మడం లేదు."

"పోలేదంటే నమ్మరా? ఇదెక్కడి చోద్దెం!" బిందె అక్కడే దించి వీధిలోకి కేక పెట్టింది. "ఒసే, అందరూ పిల్లల్ని అట్టుకురండే! బాబుగారికి చూపించాలంట! పడుకున్నోళ్ళనీ లేపండి!"

తల్లులు ఒక్కొక్కళ్ళే వచ్చారు. చంకన ఒకడు, భుజాన ఒకతి. లేపినందుకు పిల్లలంతా ఒక్కసారి ఏడుపు అందుకున్నారు. ఆ ఏడుపులో ఆవిడ నా చెవి దగ్గర అరిచింది. "లెక్కెట్టుకోండి! ఏడ్చేవోణ్ణీ రాసుకోండి, ముక్కు కారేవోణ్ణీ రాసుకోండి!"

బతికి ఉన్నవాళ్ళని రాయడానికి నా రిజిస్టరులో గడి లేదు. తెల్ల కాగితం తీసి, బావి గట్టుమీద పెట్టుకుని, ఒక్కొక్క పేరే రాశాను. చివరికి ఆవిడ తన గుడిసెలోంచి ఒకణ్ణి తెచ్చింది. పొత్తిళ్ళలో ఉన్నాడు, నెల కూడా నిండినట్టు లేదు.

"వీడి పేరు?"

"ఇంకా ఎట్టలేదు బాబూ. పేరు లేకపోతే నమ్మరేమో కదా? మీరే ఏదో ఒకటి సెప్పండి, అదే ఎట్టుకుంటాం."

ఆలోచించే తీరిక లేదు. నోటికి మొదట వచ్చిన పేరు చెప్పేశాను. చెప్పాక గాని అది ఎవరి పేరో నాకు తెలియలేదు. ఆవిడ దాన్ని రెండుసార్లు పలికి చూసుకుని, "బాగుంది బాబూ" అంది. ఇక మార్చమని ఎలా చెప్పను? పదిహేనేళ్ళుగా పొద్దున లేచింది మొదలు నేను తలుచుకుంటున్న పేరు అదొక్కటే మరి. రాసి, సంతకం పెట్టి, పంపించాను.

వారానికి జాబితా తిరిగి వచ్చింది. ప్రతి పేరు పక్కనా సన్నటి గీత, సరిచూసినట్టు గుర్తు. ఆఖరి పేరు దగ్గర గీత లేదు. కలం అక్కడ ఆగిపోయినట్టు ఒక సిరా చుక్క పడి ఉంది. దాని కింద "సరే" అని రాసి ఉంది.